రెండో కప్పు

ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున మురుగు గొట్టాలు పరీక్షించే క్లైవ్, పాతికేళ్లుగా ఎవరి పెరట్లోనైనా మురుగుకాలువ మూత ఎత్తకముందే టీ తాగేస్తాడు; ఎత్తాక ఎవరూ ఇవ్వరు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని కెమెరా తీగను మట్టి గొట్టంలోకి దించుతాడు. చెట్ల వేర్లు దూరి పగిలితే ఇన్సూరెన్స్ వాళ్లు బాగుచేయిస్తారు, పాతబడి అరిగితే చేయించరు. ఇవాళ బ్రాడ్‌ఫర్డ్‌లో, మిసెస్ ఓల్డ్‌రాయిడ్ అనే ముసలావిడ ఇంట్లో మురుగు వంటింటి గడపదాకా వచ్చింది. గొట్టం పూర్తిగా అరిగిపోయింది.

"వయసైపోయిందమ్మా. పాలసీలోకి రాదు," అన్నాడు తీగ చుట్టుకుంటూ, రోజూ అనే గొంతుతోనే.

"మా ఆయన్ని చూసిన డాక్టరూ ఇంతే నాయనా. స్టెతస్కోపు చుట్టుకుంటూ, వయసైపోయిందన్నాడు."

క్లైవ్ తీగ చుట్టడం ఆపలేదు. ఆవిడ అతని ఖాళీ కప్పు లోపలికి తీసుకెళ్లి, మళ్లీ నింపి తెచ్చింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, చల్లారేదాకా అతను అలాగే నిలబడ్డాడు.