పద్మావతమ్మ వేరు కాపురం

లంజిపల్లిలో బట్టల వ్యాపారి వైకుంఠరావు ఇంట్లో పద్నాలుగు మంది ఉండేవారు. అతనూ, ఇద్దరు తమ్ముళ్లూ, వాళ్ల భార్యలూ, ఏడుగురు పిల్లలూ, అందరికీ పెద్ద దిక్కుగా తల్లి పద్మావతమ్మ. పదహారో ఏట పర్లాకిమిడి నుంచి కోడలిగా వచ్చిందావిడ. జ్వరం బిళ్ల కావాలన్నా, ఊరగాయ జాడీ మూత తియ్యాలన్నా, ఎవరి తువ్వాలు ఎవరు వాడేరో తేల్చాలన్నా ఆవిణ్ణే పిలిచేవారు.

అరవై మూడో ఏట, ఒక ఆదివారం పొద్దున్న అందరూ ఉప్మా తింటుండగా ఆవిడ మామూలు గొంతుతో, "నాను వేరెల్లిపోతాను" అంది.

"ఎక్కడికమ్మా, సింహాచలమా?" అన్నాడు వైకుంఠరావు.

"కాదురా. వేరు కాపురం. ఎనక ఈదిలో కుంతల టీచరు ఇంట్లో గది ఖాళీగుంది. మాటాడేసినాను."

వైకుంఠరావు చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. చిన్నవాడు జగ్గారావుకి పొలమారింది. ముగ్గురు కోడళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తక్కిన ఇద్దరిలో ఎవరో ఏదో అనే ఉంటారని ఎవరికి వాళ్లకే అనుమానం. పెద్ద కోడలు కామాక్షి ముందుగా ఏడుపందుకుంది.

"నానేటన్నాను అత్తా? ఎప్పుడైనా ఎదురు సెప్పినానా?"

"నువ్వేటీ అన్నేదే. ఎవులూ ఏటీ అన్నేదు."

దాంతో వాళ్లకి మరీ భయం పట్టుకుంది. గొడవైతే కాళ్ల మీద పడి సర్దుకోవచ్చు. గొడవే లేనిదాన్ని సర్దడం ఎలా?

"కొడుకులు వేరు పడతారు గానీ తల్లి వేరు పడడమేటమ్మా? రేపు బజార్లో నా మొకం ఎలా సూపించాల?" అన్నాడు వైకుంఠరావు.

"నీ మొకం నీ దగ్గరే ఉంటాది. నానేటి, పట్టుకెల్లిపోతానా?"

సోమవారం ఒక స్టవ్వూ, రెండు గిన్నెలూ, చాపా, పాత రేడియో రిక్షాలో పెట్టించుకుని ఆవిడ వెళ్లిపోయింది. వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూసింది. ఇంటికి సున్నాలు వేయిస్తున్నామని వైకుంఠరావు కొట్లో అందరికీ చెప్పుకున్నాడు.

ఇలా కాదని ఛత్రపూర్ నుంచి మేనమామ ఆదినారాయణని రప్పించారు. కోర్టు గుమాస్తా. అక్కకి గట్టిగా నాలుగు చీవాట్లు పెడతానని చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్లాడు. మూడు గంటల తరవాత మొహం ఉబ్బి, జుట్టు చెదిరి తిరిగొచ్చాడు.

"ఏటన్నాది మామయ్యా? కొట్టినాదా?" అన్నాడు జగ్గారావు హడలిపోతూ.

"నేదురా. పెరుగేసిన పొఖాళొ, అదే సద్దన్నం, ఎట్టింది. తినేసి తొంగున్నాను. ఒక్కరూ లేపలేదురా!"

తరవాతి ఆదివారం ఎవరూ పిలవకుండానే వచ్చి, మేనల్లుడింటి గుమ్మం దాటుకుని నేరుగా అక్క గదికి పోయాడు.

పది రోజులు చూసి, కామాక్షి కూర గిన్నె పట్టుకుని క్షమాపణ అడగడానికి వెళ్లింది. అత్త చాప మీద వెల్లకిలా పడుకుని రేడియో వింటోంది.

"అత్తా, నా తప్పేటో సెప్పండి."

"తప్పేటీ లేదే. నలభై ఏడేళ్లుగా ఎవులు పిలిసినా పలుకుతున్నాను. కొన్నాళ్లు పలక్కుండా ఉందామని. అంతే. గిన్నె అక్కడెట్టి తొంగో."

పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో కామాక్షి పగలు నిద్రపోవడం అదే మొదలు. లేచాక కాసేపు తానెక్కడుందో తెలియలేదామెకి. మర్నాడు రెండో కోడలూ, ఆ మర్నాడు మూడో కోడలూ ఏదో వంకతో వెళ్లారు.

పిల్లలు బడికెళ్లిన ఒక మధ్యాహ్నం వైకుంఠరావు భోజనానికొస్తే ఇంట్లో పిట్ట లేదు. దొంగలు పడ్డారా, ఎవరికైనా ప్రాణం మీదికొచ్చిందా అని, ఇంటికి తాళం వేసి పరిగెత్తుకుంటూ తల్లి గదికి పోయాడు. గుమ్మంలో చెప్పుల గుట్ట. లోపల భార్యా, మరదళ్లూ ఒక గోడవార, మేనమామా, తమ్ముళ్లిద్దరూ ఇంకో గోడవార వరసగా పడుకుని ఉన్నారు. మధ్యలో పద్మావతమ్మ మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. వెనకనుంచి వచ్చిన కుంతల టీచరు "ఏ కొణొ, మౌసీ?" ఇదేంటి పిన్నీ అని ఒరియాలో అడిగి నోరు వెళ్లబెట్టింది.

"ఆల్ని అడుగు" అంది పద్మావతమ్మ. కాళ్ల మీంచి దాటుకుంటూ బయటికొచ్చి, కొడుకు చేతిలో ఇంటి తాళం లాక్కుని వెళ్లిపోయింది. సాయంత్రం అందరూ వెళ్లేసరికి ఖాళీ ఇంటి నడవలో ఫ్యాను కింద గురక పెడుతోంది.

మళ్లీ ఇంట్లోనే ఉండిపోతుందని అందరూ సంబరపడ్డారు. లేచి, టీ తాగి, బజార్లో ఒక తాళం కప్ప కొనుక్కుని తన గదికి పోయింది. ఆరేళ్లు అక్కడే ఉంది. పండగలకీ, పెళ్లిచూపులకీ వచ్చేది, చుట్టంలా. వాళ్లు మాత్రం ముందుగా అడిగి, ఒక్కొక్కరే వెళ్లేవారు. ఊరగాయ జాడీ మూత ఎవరికి వాళ్లే తీసుకోవడం నేర్చుకున్నారు.

ఆవిడ వేరెళ్లిన మూడో ఏడు ఒక పూట అన్నం వడ్డిస్తూ కామాక్షి, "కుంతల టీచరింట్లో ముందు గది కూడా ఖాళీ అయిందట" అంది.

వైకుంఠరావు ఆ మధ్యాహ్నం కొట్టు తెరవలేదు. చాప చంకన పెట్టుకుని వెనక వీధికి పోయాడు.