కుళాయి మామయ్య

బడి ప్రయోగశాలలో పనిచేసే పెద్దాయన్ని పిల్లలు కుళాయి మామయ్య అంటారు. తలుపు తీయగానే ఆయన సీసాల జోలికి పోడు. తొట్టి దగ్గర కుళాయి తిప్పి, నీళ్లు చేతిమీద పడేదాకా నిలబడతాడు. తర్వాతే గాజుగొట్టాలు తుడుస్తాడు. ఆమ్లం సీసాలనూ క్షారం సీసాలనూ పడని తోడికోడళ్లలా చెరో మూల పెడతాడు. ఇరవై ఏళ్ల కిందట ఒక అమ్మాయి మణికట్టు మీద ఆమ్లం ఒలికింది. ఆమ్లమూ క్షారమూ కలిస్తే ఉప్పూ నీళ్లూ అవుతాయని పాఠంలో రోజూ వినేవాడాయన. మాస్టారు వచ్చేలోగా తన తెలివి చూపిద్దామని, "ఏం కాదమ్మా, దీని విరుగుడు నా దగ్గరుంది" అంటూ చిక్కటి క్షారం పోశాడు. అవి కలిసేటప్పుడు పుట్టే వేడి సంగతి మర్చిపోయాడు. చర్మం ఉడికిపోయింది. కుళాయి రెండడుగుల దూరంలోనే ఉంది. ఆమ్లమే కాల్చిందనుకున్నారు అందరూ. ఆయన ఔననలేదు, కాదనలేదు.

ఈ ఏడాది ఆ అమ్మాయే టీచరుగా వచ్చింది. మొదటి రోజే ప్రయోగశాలలో పిల్లలతో అంది: "ఒంటిమీద ఆమ్లం పడితే క్షారం పోయకండి. రెండూ కలిస్తే వేడి పుట్టి ఇంకా కాలుతుంది. ముందు నీళ్లు, బోలెడన్ని నీళ్లు."

"మీకెలా తెలుసు టీచర్?" అంది ముందు వరస పిల్ల.

"పుస్తకంలో ఉందిలే" అంటూ ఆమె కుర్తా చేతిని మణికట్టు కిందిదాకా లాక్కుంది. తొట్టి దగ్గర అటు తిరిగి నిలబడ్డ మామయ్య ముందు కుళాయి ధారగా పోతూనే ఉంది. కట్టేస్తే ఆయన ఆమెవైపు తిరగాలి. కట్టలేదు.