అప్పలసూరి అరుపు

మిల్లు కూత కన్నా ముందు అప్పలసూరి కూత వినపడేది. విజయనగరం శివార్లలో జూటు మిల్లు కార్మికుల ఇళ్ల వరస ఉండేది. అతను మొదటి గుమ్మం దగ్గర నిలబడి "బావా, లెగు!" అని ఒక్క అరుపు అరిచేవాడు. అక్కణ్ణించి చివరి గుమ్మం దాకా ఇంటింటికీ అదే అరుపు. పసిపిల్లలు ఏడ్చేవారు, ముసలివాళ్లు తిట్టేవారు. ఆ వరసలో కోళ్లు కూయడం ఎప్పుడో మానేశాయి.

అప్పలసూరికి మెల్లగా మాట్లాడడం రాదు. ఎదుటివాడు జానెడు దూరంలో ఉన్నా అవతలి గట్టు మీద ఉన్నట్టే మాట్లాడతాడు. ఎదుటివాడు ఎవడైనా సరే, బావే.

ఇక ఆట సంగతి. మిల్లు ఫుట్‌బాల్ జట్టుకి అతను సెంటర్ హాఫ్. అంటే మైదానం నడిమధ్యన ఉండి, వెనకనుంచి వచ్చిన బంతిని ముందువాళ్లకి అందించే మనిషి. యుద్ధం రోజులు. ఇసక బస్తాలకి గోనె సంచులు కావాలని మిల్లు పగలూ రాత్రీ నడిచేది. హాజరు పట్టీలో అప్పలసూరి మగ్గం పనివాడు, కాని మగ్గానికి అతని ముఖం తెలియదు. జీతం ఆటకే. ఒకసారి మేనేజరు దొర కొత్త బూట్లు తెప్పించి ఇస్తే నాలుగు రోజులు తొడుక్కుని తిరిగి ఇచ్చేశాడు.

"ఏం, కరిచాయా?" అన్నాను, పత్రికకి ఆటల వార్తలు రాసే నేను.

"కరిస్తే పర్లేదు బావా! బంతి ఏటి సెప్తందో కాలికి ఇనపడ్డం లేదు!"

రోడ్డు మీద వెళుతున్న ఎద్దుబండి ఆగిపోయింది. బండివాడు తననే పిలిచారనుకున్నాడు.

ఆ దొరను కూడా అతను బావా అనే పిలిచేవాడు. అది సలాము లాంటి మర్యాద మాట అనుకున్నాడు దొర. ఒకనాడు ఆఫీసుకి వస్తూనే హెడ్ గుమాస్తా సింహాచలంగారితో "గుడ్ మార్నింగ్ బావా" అన్నాడు. సింహాచలంగారికి ఆ పూటంతా పని సాగలేదు. పెళ్లి కావలసిన చెల్లెళ్లు తనకి ఇంకా ఇద్దరున్నారు.

అసలు గొడవ పాతపట్నం వర్తకుల జట్టుతో వచ్చింది. వాళ్ల నగరేశ్వరరావు బంతి తీసుకుని చక్కగా పోతున్నాడు. వెనకనుంచి "బావా, ఇటియ్యి! బేగి!" అని వినపడింది. తనవాడే అనుకుని నగరేశ్వరరావు తల తిప్పకుండా బంతి వెనక్కి ఇచ్చాడు. అప్పలసూరి దాన్ని అందుకుని గంగులుకి వేశాడు. గంగులు గోలు కొట్టాడు.

నగరేశ్వరరావు రిఫరీ దగ్గరికి వెళ్లి లబోదిబోమన్నాడు. "మా మేనత్త కొడుకు కూడా నన్నంత ఆప్యాయంగా పిలవడండీ! ఎలా ఇవ్వకుండా ఉంటాను?"

గంగులు మా సెంటర్ ఫార్వర్డు. జట్టుకి గోల్స్ అన్నీ అతనివే. పొద్దున్న మగ్గాల షెడ్డులో పని, సాయంత్రం ఆట. నెమ్మదైన మనిషి. పలకరిస్తే నవ్వుతాడు, ఆ నవ్వే జవాబు. ఆ ఏడు మాత్రం అతని ఆట మందగించింది. బంతి పక్కనుంచి పోతున్నా తిరిగి చూసేవాడు కాదు. జట్టులోంచి పోయినవాడికి మిల్లులోనూ పని పోతుంది. ఫైనలు ముందు దొర తేల్చి చెప్పేశాడు: ఈ ఆటలో గంగులు గోలు కొట్టకపోతే, ఆట ఎవరు గెలిచినా, వాడు సోమవారం మిల్లు గేటు దాటి లోపలికి రానక్కరలేదు. గంగులుకి ముగ్గురు పిల్లలు.

ఫైనలు మళ్లీ పాతపట్నంతోనే. రిఫరీ డ్రిల్లు మాస్టారు జగన్నాధంగారు. ఆట మొదలవకముందే ఆయన అప్పలసూరిని పక్కకి పిలిచారు.

"మైదానంలో 'బావా' అని వినపడిందా, నిన్ను బయటికి పంపేస్తాను."

"మరేటనమంటావు బావా?"

"ఏమీ అనొద్దు! నోరు విప్పొద్దు!"

అప్పలసూరి ముఖం మొదటిసారి పాలిపోవడం చూశాను. తన గురించే భయమనుకున్నాను.

మొదటి సగం చప్పగా సాగింది. అప్పలసూరి నోరు మూసుకుని ఆడాడు. మైదానం అంతా ఏదో ఇంట్లో గడియారం ఆగిపోయినట్టు ఉంది. వెనకనుంచి మంచి మంచి బంతులు పంపాడు. గంగులు గోలుకి ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. బంతులు అతని పక్కనుంచి పోయి ముళ్లపొదల్లో పడ్డాయి. దొర చుట్ట కొరికి ఉమ్మేశాడు. ఇళ్ల వరసలో ఉండే జగ్గమ్మ గట్టు మీద కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. గంగులు ఆమె మొగుడు.

రెండో సగంలో అప్పలసూరికి పిచ్చి పట్టింది. మధ్యలో ఉండవలసిన మనిషి గంగులుని దాటి ముందుకి వెళ్లిపోయాడు. వెళ్లి, వెనక్కి తిరిగి, చేతులు ఊపుకుంటూ వెనక నడక నడిచాడు. 

"ఒరే సూరీ, నీ సోటు అది కాదురా!" అని జనం గోల. "దారి తప్పీసినాడు! ఎవరన్నా సెయ్యట్టుకుని తీసుకెల్లండ్రా!" అన్నాడు కిళ్లీకొట్టు జోగయ్య. అప్పలసూరి గొంతు వల్ల తన బేరం పాడైపోతోందని రోజూ ఏడ్చే మనిషి అతను.

ఆట ముగుస్తుందనగా అప్పలసూరికి బంతి దొరికింది. ఇద్దర్ని తప్పించాడు. గోలు కాపలావాడు ముందుకి దూకి బోర్లా పడ్డాడు. ఎదురుగా ఖాళీ గోలు. చంటిపిల్ల తోసినా లోపలికి పోతుంది.

"కొట్టు! కొట్రా!"

అప్పలసూరి గోలుకి వీపు తిప్పి నిలబడ్డాడు. వెనకనుంచి వస్తున్న గంగులు కళ్లలోకి చూసి, పళ్లన్నీ కనపడేలా నవ్వి, బంతిని మెల్లగా వెనక్కి దొర్లించాడు. గంగులు కొట్టాడు.

రిఫరీ ఈల వేసి ఆట ముగించాడు. అప్పుడు వచ్చింది, ఆటంతా దాచుకున్న అరుపు: "బావా!" పాతపట్నం వాళ్లు కూడా పదకొండు మందీ తిరిగి చూశారు.

పత్రికకి వార్త పంపాలి. ఖాళీ గోలు ముందు వెనక్కి తిరిగిన మనిషిని కారణం అడగకుండా ఏం రాస్తాను? వాళ్లింటికి వెళ్లాను. అప్పలసూరి పీట మీద కూర్చుని గంజి తాగుతున్నాడు.

"రా బావా, కూకో," అన్నాడు.

నాకు సరిగ్గా వినపడలేదు. దగ్గరికి జరిగి "ఏమన్నావు?" అన్నాను.

"కూకో అన్నాను."

అతని పెళ్లాం అసిరమ్మ నవ్వింది. "ఆ గొంతు బజార్లోకేనండి. ఇంట్లో ఈ మనిషి కూరలో ఉప్పు సాల్లేదన్నా నాకినపడదు. ఎదురుగా కూకుని పెదాలు సూడాల."

ఇంతలో గుమ్మంలోకి గంగులు వచ్చాడు. అప్పలసూరి గంజి ముంత కింద పెట్టాడు. "రా బావా! కూకో! గంజి తాగుతావేటి?" పెంకులు అదిరాయి. గంగులు నవ్వి కూర్చున్నాడు.

అప్పుడు అర్థమైంది. గంగులు పదిహేనేళ్లు మగ్గాల షెడ్డు చప్పుడులో నిలబడ్డ మనిషి. యుద్ధం వచ్చాక రెండు షిఫ్టుల చప్పుడు. మిల్లు డాక్టరు చెవుడని రాస్తే ఆ రోజే లెక్క ముగిస్తారు. ఫైనల్లో అరుపు లేకపోతే, ఎదురుగా కనపడే మనిషి కావాలి. అందుకే ముందుకి వెళ్లి వెనక్కి తిరిగాడు.

"మరి నా మీద ఎందుకయ్యా అరుస్తావు? జోగయ్య మీద, దొర మీద, వరసలో అన్ని ఇళ్ల మీద?"

అప్పలసూరి గొంతు మళ్లీ గంజి ముంతలోకి దిగిపోయింది.

"గంగులొక్కడి మీదే అరిస్తే, ఆడికి ఇనపడదని ఊరికి తెలిసిపోదేటి? అందరి మీదా అరిసీసినాననుకో, నాకే పిచ్చంతారు. నాకు పిచ్చంటే మిల్లుకేటి నష్టం? బంతాడితే సాలు."

సోమవారం పొద్దున్న గంగులు మిల్లు గేటు దాటి లోపలికి వెళ్లాడు. ఆ వారమే దొర గెలిచిన జట్టుని పిలిచి, ఏం కావాలో కోరుకోమన్నాడు. ఒకడు గొడుగు అడిగాడు, ఒకడు సైకిలు అడిగాడు. అప్పలసూరి వంతు వచ్చింది.

"దొర బావా! నా అరుపుకి గంగులు సెవులు పాడైపోతన్నాయి! ఆణ్ణి ఆ షెడ్డులోంచి తీసి దూరంగా గోనె గోడౌన్లో ఏసీండి!"

సింహాచలంగారు దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పారు. దొర చెవి రుద్దుకుంటూ వెంటనే ఒప్పుకున్నాడు. ఆ కారణాన్ని నమ్మడానికి అతనికి వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది. గోడౌన్లో చప్పుడు లేదు. గంగులు మరో అయిదేళ్లు ఆడాడు.

అప్పలసూరి కూడా అంతే ఆడాడు. ఆడినన్నేళ్లలో అతను కొట్టిన గోల్స్ సున్నా.

వార్తలో నేను ఆ వెనక తిరుగుడు గురించి ఏమీ రాయలేదు. వాళ్లింటికి వెళ్లొచ్చిన మర్నాడు కిళ్లీకొట్టు దగ్గర గంగులు అటు తిరిగి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పలకరించకుండా ఎలా పోతాను? "ఏం గంగులు బావా, బాగున్నావా!" అని గట్టిగా అరిచాను. తిరిగి నవ్వాడు. వెంటనే నాకు అప్పలసూరి మాట గుర్తొచ్చింది. జోగయ్య వైపు తిరిగి అంతకన్నా గట్టిగా "బావా! ఒక కిళ్లీ కట్టు!" అన్నాను.

"సున్నం ఎక్కువెయ్యమంతావా బావా!" అని జోగయ్య కూడా కొట్టు ఎగిరిపోయేలా అరిచాడు.

తర్వాత ఆకు మడుస్తూ, తల వంచి, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు:

"నీకూ తెలిసిపోనాదేటి బావా?"