అద్దకాలాయన తిట్లు

మా వదిన గురించి నలుగురిలో మంచి చెప్పాల్సిన రోజు వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు. వచ్చింది. చెప్పక చస్తానా!

వదినంటే మా ఆయన అక్క. బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయింది. పెళ్ళి చేసుకోలేదు, మా దగ్గరే ఉంటుంది. పరుపులు కుట్టడం మా తాతల నాటి పని. కింద దుకాణం, పైన ఇల్లు. దూది ఏకే మిషను దగ్గర నేను, సూదీ దారం దగ్గర మా ఆయన. ఆవిడ మాత్రం మున్సిపాలిటీ రికార్డు గదిలో కాపురం పెట్టింది. ఈ ఊరి ముస్లింల చరిత్ర రాస్తుందట! సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా దుమ్మే. దూది దుమ్ము చాలదన్నట్టు కాగితాల దుమ్ము కూడా మోసుకొస్తావా అని సణిగేదాన్ని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

అంతలో నోటీసు వచ్చింది. మసీదు వెనకున్న గోరీల స్థలానికి ఆఫీసులో ఏ ఆధారమూ లేదట. అది ఉత్త ఖాళీ జాగా అట. అక్కడ లారీల షెడ్డు కడతారట, కాదంటే రుజువులు పట్టుకుని విచారణకు రావాలట. మా అత్తగారు పడుకున్నది అక్కడే. కొత్తగా కాపురానికొచ్చిన నాకు సూది పట్టడం నేర్పింది ఆవిడే. ఆవిడ మీద లారీ నిలబెడతారట! మా ఆయన ఆ పూట కంచం ముందు కూర్చుని అలాగే లేచిపోయాడు.

వదిన రికార్డు గదిని జల్లెడ పట్టింది. ఆ స్థలం ఎవరో రాజుగారు మెచ్చి ఇచ్చాడని మా పెద్దవాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆ దానపత్రం కోసం వేట. భూముల కట్టలు, మసీదుల కట్టలు, గుడ్డలో మూటకట్టిన ప్రతిదీ విప్పించింది. నిచ్చెన ఎక్కీ దిగీ అక్కడి గుమస్తాకి తల ప్రాణం తోకకొచ్చింది. రాజూ లేడు, పత్రమూ లేదు. విచారణ మాత్రం దగ్గర పడుతోంది.

ఆ రోజు దుకాణంలో నాకు తలవాచిపోయింది. ఆరేసిన చీరల మీద మా దూది పడిందని పక్క మేడావిడ మళ్ళీ మున్సిపాలిటీలో ఫిర్యాదు రాసిచ్చింది. శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి నన్ను నిలబెట్టి కడిగేసి వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే వదిన ఇటు వచ్చింది, మొహం వేలాడేసుకుని. ఇవాళ కూడా రాజుగారి పత్రం దొరకలేదంది. నాకు ఒళ్ళు మండింది.

"పరుపులు కుట్టేవాళ్ళకి రాజులు పత్రాలు రాస్తారా వదినా? మన గురించి ఎవడైనా కాగితం రాశాడంటే తిట్టడానికే రాసుంటాడు. ఇవాళ పక్కావిడ రాయలేదూ?"

ఎకసెక్కానికే అన్నాను. ఆవిడ మాత్రం గుమ్మంలో ఒక చెప్పు విడిచి, రెండో చెప్పుతో అలాగే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, పాతకాలంలో ఆరోగ్యశాఖకి వచ్చిన ఫిర్యాదులు చూపించమంది. వాటిని ఎలుకలు తప్ప ఎవరూ అడగలేదని గుమస్తా నవ్వాడట. కిటికీ కింద అట్టడుగు అరలో ఉన్నాయి. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. మసీదు పక్కన ఒకప్పుడు రంగులద్దే ఆయన ఒకడుండేవాడు. ఆయనకి మేమంటే ఎంత మంటో! అర్జీ మీద అర్జీ రాశాడు. దూది ఏకేవాళ్ళు తమ గోరీల స్థలంలో ఓ పక్కన తడి దూది ఆరబోస్తున్నారు, అదంతా ఎగిరొచ్చి నా నీలం బట్టలకి అంటుకుంటోంది, వీళ్ళని అదుపులో పెట్టండి మహాప్రభో అని. ఒక అర్జీ వెనక అప్పటి ఇన్‌స్పెక్టరు రాసిన జవాబు ఉంది. గోరీలు నీ షెడ్డు కంటే పాతవి, స్థలం వాళ్ళది, నీకంత ఇబ్బందైతే హద్దు మీద గోడ కట్టుకో అని.

ఆ గోడ ఇప్పటికీ ఉంది. మేమే కట్టుకున్నామనుకుంటూ ఏటేటా రెండు పక్కలా సున్నం వేస్తున్నాం.

విచారణలో వదిన ఆ తిట్లన్నీ పాఠం చెప్పినట్టు చదివింది. మమ్మల్ని దూది రాక్షసులన్న చోట హాలంతా గొల్లుమంది. అధికారి కూడా పెదవి బిగించి నవ్వు ఆపుకున్నాడు. అంతా బాగానే ఉందిగానీ ఆ గోడేదీ అన్నాడు. రండి చూపిస్తానంది. అందరం కట్టకట్టుకుని వెళ్ళాం. గోడకి అవతలి పక్క సున్నం గీకితే కింద నీలం మరకలు, అప్పట్లో తడి బట్టలు ఆరేసిన చోటల్లా. అధికారి వేలితో తడిమి చూసి, షెడ్డుకి వేరే జాగా చూసుకుంటాం, దీన్ని శ్మశానంగానే రికార్డులో రాయిస్తాం అని అక్కడే చెప్పేశాడు. మా ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను వదినని వాటేసుకున్నాను. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

అందరూ వెళ్ళిపోయాక అత్తగారి దగ్గర దువా చేసుకున్నాం. నేను ఇంటికి బయల్దేరబోతే వదిన గోడ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చేతులెత్తింది. ఇక్కడెవరున్నారని అడిగాను.

"అద్దకాలాయన కోసం. పాపం, ఆయన మనల్ని అంతలా తిట్టకపోతే అమ్మ ఎక్కడికి పోయేది పిల్లా?"

నేనూ పక్కన నిలబడి చేతులెత్తాను. నా కొంగుకి అంటుకున్న దూది గాలికెగిరి, వెళ్ళి ఆయన గోడకే అతుక్కుంది.