పట్టపురాణి వెళ్ళాలా, వద్దా

ఎనభైల చివర్లో మేం ఫిల్మ్ నగర్‌లో దిగిన కొత్తల్లో మధ్యాహ్నాలు ఒక పట్టాన గడిచేవి కావు. మగవాళ్ళు పొద్దున్నే స్టూడియో వ్యానెక్కి పోతే ఎప్పుడొస్తారో వాళ్ళకే తెలియదు. చుట్టూ చూస్తే బండరాళ్ళూ, సగం కట్టిన ఇళ్ళూను. మద్రాసు నుంచి ఆడవాళ్ళం తెచ్చుకున్న ఆస్తల్లా వారపత్రికల్లోంచి సీరియళ్ళు చింపి కుట్టించుకున్న బైండు పుస్తకాలే. అన్నీ రాజులూ, రాణులూ, వాళ్ళ ప్రేమలూ. సాంఘిక నవలలు ఎవరిక్కావాలి, ఇంట్లో ఉన్నది చాలదూ?

అలా నలుగురం జమయ్యాం. గురువారం గురువారం మధ్యాహ్నం ఒక కెమెరామన్ గారింట్లో కూర్చుని నవల చదివి, దాని గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఆ ఇంటావిడ గుడివాడ వైపు మనిషి, అందరం అక్కయ్యగారూ అనేవాళ్ళం. ఇంకొకావిడ మాటల రచయిత భార్య. మూడో ఆవిడ మధురానగర్ నుంచి ఆటోలో వచ్చే రిటైరైన తెలుగు టీచరుగారు, పైకి చదివేది ఆవిడే. నేను అందరికన్నా చిన్నదాన్ని, ఎడిటింగ్ అసిస్టెంటు పెళ్ళాన్ని. నోరు మాత్రం పెద్దది.

మాకో కట్టుబాటు ఉండేది. ఎవరింటి గోల వాళ్ళు గుమ్మం బయటే వదిలి రావాలి. ఇదేదో మర్యాద కోసం పెట్టుకున్నది కాదు, భయంకొద్దీ పెట్టుకున్నది. టీచరుగారు తప్పితే మా ముగ్గురి మొగుళ్ళూ ఒకే చోట పనిచేసేవాళ్ళాయె. ఇక్కడ నోరు జారిన మాట సాయంత్రానికల్లా సెట్టు మీద టీలతో పాటు చేతులు మారేది. అందుకని మాట్లాడితే నవల గురించే మాట్లాడాలి. చదవడం అయ్యాక అక్కయ్యగారు ఒక ప్రశ్న వేసేవారు. అందరూ జవాబు చెప్పేదాకా టీ చేతికొచ్చేది కాదు.

ఆవిడ ప్రశ్నలు భలే ఉండేవి. సేనాపతి అంత మీసం పెట్టుకుని పాయసం ఎలా తాగుతాడు? రాకుమారి గుర్రమెక్కి అడవుల వెంట పారిపోయింది సరే, తలంటు సంగతేమిటి? నవ్వలేక చచ్చేవాళ్ళం.

ఆవిడ భర్తకి మోతీనగర్‌లో ఇంకో సంసారం ఉందని మా ముగ్గురికీ తెలుసు. మాకు తెలుసని ఆవిడకీ తెలుసు. ఆయన ఈ ఇంటికి రావడం మానేసి రెండేళ్ళు దాటింది. ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, అవుట్‌డోర్‌కి వెళ్ళారండీ అని నిదానంగా చెప్పేవారు. రెండేళ్ళ అవుట్‌డోర్ ఏ సినిమాకుంటుంది తల్లీ! వినడానికే నాకు ఒళ్ళు మండేది. కానీ కట్టుబాటు కట్టుబాటే, ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.

ఆ వానాకాలం చదువుతున్న నవలలో రాజు పట్టపురాణిని కోటలో వదిలేసి, ఏటి అవతల ఒక నాట్యకత్తెకి మేడ కట్టిస్తాడు. చివరికి యుద్ధంలో దెబ్బ తిని, ఆ మేడలోనే మంచాన పడి, ఒక్కసారి వచ్చి చూసి పొమ్మని రాణికి కబురు పెడతాడు. రాణి కదలదు. ఏరు దాటనని చెప్పి దూతను తిప్పి పంపేస్తుంది. ఆ ఘట్టం టీచరుగారు రెండుసార్లు చదివారు. రచయిత భార్య కళ్ళొత్తుకుంది. నాకైతే ఆ రాణి మొదట్నించీ నచ్చలేదు.

ఆ గురువారం అక్కయ్యగారు నవ్వించే ప్రశ్న వెయ్యలేదు.

"పట్టపురాణి వెళ్ళాలా, వద్దా?" అన్నారు.

వెళ్తే ఇంకేమన్నా ఉందా అంది రచయిత భార్య. ఆ మేడ మెట్లెక్కి, ఆ నాట్యకత్తె చేతి మంచినీళ్ళు తాగాలా? అంతకన్నా ఏట్లో దూకడం నయం అంది. టీచరుగారు అభిమానం గురించి చాలాసేపు చెప్పారు, పాఠం చెప్పినంత చక్కగా. వెళ్ళి నాలుగు తిట్టి రావచ్చుగా, తిట్టడానికైనా మనిషి బతికుండాలిగా అన్నాను నేను. అందరూ నవ్వారు. కొత్త కాపురం కదా, మొగుడంటే ఇంకా మోజు తీరలేదన్నారు. అక్కయ్యగారూ నవ్వారు. కానీ టీ పొయ్యలేదు.

"మరి ఆయన పోతేనో?" అని మళ్ళీ అడిగారు.

"పోతే పోనీండి. ఆవిడ పరువు నిలబడుతుందిగా," అన్నారు టీచరుగారు.

అంతేలెండి అంటూ అక్కయ్యగారు లేచి, చల్లారిపోయిన టీ మళ్ళీ వెచ్చబెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు.

సోమవారం పొద్దున్న కెమెరామన్ గారు పోయారని తెలిసింది. శవాన్ని స్టూడియో వ్యాన్లో ఫిల్మ్ నగర్ ఇంటికే తెచ్చారు. పెద్ద పెద్ద వాళ్ళు దండలు పట్టుకుని వచ్చేది పెద్ద భార్య ఇంటికే కదా. ప్రహరీ పక్కన ఆయన డ్రైవరు వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. ఎన్నాళ్ళుగా బాగాలేదయ్యా అని అడిగాను.

"లివరు పాడైపోయిందండీ, డాక్టర్లు చేతులెత్తేశారు. ఒక్కసారి అమ్మగారిని వచ్చి చూసెళ్ళమన్నారని బుధవారం నేనే వచ్చి చెప్పానండీ. రేపు సాయంత్రం వస్తానేమో చూద్దాంలే అన్నారండీ అమ్మగారు," అన్నాడు.

రేపు అంటే మా గురువారం. ఆవిడ అడిగింది నవల సంగతి కాదు. ఇంటి గోల గుమ్మం బయట వదలమన్నాం కనక, పాపం, ఆ రాణిని అడ్డం పెట్టుకుని తన గోడు మా ముందు పెట్టుకుంది. వెళ్ళమని ఎవరైనా గట్టిగా అంటారేమోనని రెండోసారి కూడా అడిగింది. మా పండితులు పరువు గురించి చెప్పారు. ఆ నవల మీదా, రాసినవాడి మీదా, మా అందరి తెలివి మీదా నాకొచ్చిన కోపం ఇంతా అంతా కాదు. టీచరుగారికీ డ్రైవరు మాట వినపడినట్టుంది, కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడవారన కూర్చుండిపోయారు.

గేటు బయట ఒకావిడ ఒక్కతే నిలబడి ఉంది. మోతీనగర్ ఆవిడని చెప్పకుండానే తెలుస్తోంది. లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. అక్కయ్యగారు శవం దగ్గర్నించి లేచి, నా భుజం పట్టుకుని గేటు దాకా నడిచారు. గొడవ అవుతుందని జనం పక్కకి జరిగారు.

"చివర్లో ఏమన్నా అడిగారా?" అన్నారు అక్కయ్యగారు.

ఆవిడ తలెత్తలేదు.

"మీరొస్తరని గురువారం పొద్దుగాలనే గడ్డం చేపిచ్చుకున్నరమ్మా. ఇస్త్రీ అంగీ ఏసుకుని, కుర్చీ వాకిట్ల ఏపిచ్చుకుని కూసున్నరు. చీకటి పడ్డా లోపటికి రానంటే రానన్నరు."

అక్కయ్యగారు ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, ఆయన తల దగ్గర కూర్చోబెట్టారు. తను కాళ్ళ దగ్గర కూలబడి, మళ్ళీ మాసిపోయిన ఆయన గడ్డం వైపే చూస్తూ ఉండిపోయారు.