టేపు మావయ్య మర్చిపోయిన కొలత

పదో తరగతిని నేను వదల్లేదు. నా తెలివి భరించలేక అదే నన్ను వదిలేసింది. అంతటి నేనే ఒకరి జ్ఞాపకశక్తికి తల వంచానంటే, ఆయన ఎంతటివాడో మీరే ఊహించుకోండి. ఆయన మా మేనమామ, దర్జీ. మెడలో టేపు లేకుండా ఎవరూ చూడలేదు కనుక అందరికీ టేపు మావయ్య. వీధి మలుపులో మనిషి నీడ పడితే చాలు, పదేళ్ళ కిందటి భుజం కొలత చెప్పేస్తాడు.

ఆ బుర్రకు కాస్త విశ్రాంతి ఇద్దామని నేనే కొట్లో మాట్లాడే ట్యాబు పెట్టాను. కొత్త కొలత కొడితే పాతదానితో పోల్చి పైకి చదువుతుంది.

ఒక శనివారం బస్సు డ్రైవరు వచ్చాడు. ఒకప్పుడు మా గుమ్మంలో పక్కకు తిరిగి దూరేవాడు. ఆరు నెలల జబ్బు తర్వాత ఇప్పుడు చొక్కాలో గాలే ఎక్కువ. సోమవారం డ్యూటీలో చేరాలి, కొత్త యూనిఫాం కావాలి. మావయ్య చెప్పాడు, నేను కొట్టాను. ట్యాబు వీధంతా వినపడేలా అరిచింది: "ఛాతీ ముప్పై ఆరు. ఆరు అంగుళాలు తగ్గింది."

బెంచీ మీదివాళ్ళు తలెత్తారు. డ్రైవరు తాను తెచ్చిన యూనిఫాం గుడ్డ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"వద్దులెండి మాస్టారూ. స్టీరింగు తిప్పగలనో లేదో నాకే తెలీట్లేదు."

"ఒరేయ్ అల్లుడూ, ముందు ఆ డబ్బా నోరు ముయ్యి! నాకూ మతిమరుపొచ్చింది తమ్ముడూ, టేపు ఎక్కడ పట్టానో ఏమో. రా, మళ్ళీ కొలుస్తా." టేపు చుట్టి గట్టిగా అన్నాడు: "రాయరా, ఛాతీ నలభై రెండు, నడుము నలభై!"

నోరు తెరవబోయి, ఆయన కళ్ళు చూసి మూసుకున్నాను. ట్యాబులో ముప్పై ఆరు చెరిపేసి ఆయన చెప్పిందే కొట్టాను. అసలు కొలతలు ఎక్కడా మిగల్లేదు.

డ్రైవరు వెళ్ళాక అడిగాను. "దీని ప్రకారం కుడితే అందులో ఇద్దరు పడతారు కదా మావయ్యా?"

"నీ డబ్బాలోది వాడి కోసంరా. గుడ్డకు కావలసింది నా దగ్గరుంది."

ఆదివారం సాయంత్రం డ్రైవరు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. ఒక్క ముడత లేదు. కుట్టు తిరగేసి చూసి, "ఇంత గుడ్డ లోపల వదిలేశారేంటి మాస్టారూ?" అన్నాడు.

"నువ్వు మళ్ళీ నిండుతావుగా. అప్పుడు విప్పుతా."

డ్రైవరు ఆ గుడ్డను వేళ్ళతో తడిమాడు. "అయితే నాది నలభై రెండేనా?"

"టేపు అబద్ధమాడుతుందా?"

"టేపు ఆడదు. మీరాడతారు!" అని పకపకా నవ్వాడు.

సోమవారం పొద్దున స్టాపే లేని మా కొట్టు ముందు బస్సు ఆగి, మా అద్దాలు పగిలేటంత హారన్ కొట్టింది. మెల్లగా మావయ్య పక్కన చేరాను.

"ఇప్పటికైనా ఆ అసలు కొలతలు చెప్పు మావయ్యా, ఎక్కించి పెడతా."

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ, "ఏ కొలతలురా? మర్చిపోయా," అన్నాడు.