చదివి సంతకం పెట్టు

లక్సెట్టిపేట బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో నిలబడితే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. మిషన్లోంచి అప్పుడే బయటపడ్డ కాగితాల వేడి వాసన ముక్కుకు తగలగానే ఒకే మనిషి గుర్తొస్తాడు. మొన్న ఆధార్ కాపీ కోసం వెళ్తే నా ముందు ఒకావిడ కట్టలకొద్దీ ప్రింట్లు తీయిస్తోంది. పిల్లలకు ఇంటి దగ్గర చదవడం, రాయడం నేర్పడానికట. రంగు బొమ్మలు, ఖాళీలు పూరించండి, జతపరచండి. "అన్నీ ఫ్రీనే అక్కా, నెట్ల వెతుక్కుంటే సాలు" అంది నన్ను చూసి నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. "గిండ్ల ఒక్కటన్న నువ్వు చదివినవా చెల్లె?" అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఆ ప్రశ్న నాది కాదు. ఓదెలు మామది. నన్ను అడిగీ అడిగీ నా ప్రాణం తీసిన ప్రశ్న.

ఓదెలు మామ మాకు చుట్టమేమీ కాదు. బొగ్గుబాయి కాలనీలో మా పక్క క్వార్టరు. మా ఆయన శ్రీనివాస్ పనిచేసే బాయిలోనే ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టులో దిగే మనుషులందరి బాధ్యత మోసే పెద్దగా, చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం కొడుక్కి వచ్చింది, క్వార్టరు కొడుకు పేరు మీదికి మారింది, ముసలాయన మాత్రం అదే గడప ముందు అదే ప్లాస్టిక్ కుర్చీలో. పొద్దున్నే మా పేపరు చదవడానికి వచ్చేవాడు. వచ్చినవాడు పేపరు చదివి పోతాడా? చాయ పలుచగా ఉందంటాడు, గ్యాసు పైపు పాతదైందంటాడు, గోడకు చెమ్మ వచ్చిందంటాడు. నేను హుజూరాబాద్ పిల్లను, డిగ్రీ దాకా చదివినదాన్ని, ఒకరితో చెప్పించుకునే రకం కాదు. రోజూ మా ఇద్దరికీ లొల్లే.

అసలు సంగతి మా సహస్రది. అది నాలుగో తరగతిలో ఉన్నప్పుడు దసరా సెలవులు అయిపోగానే బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. తెలుగు సారు పుస్తకం దాని చేతికిచ్చి ఒక పేరా చదవమన్నాడు. అది పేజీని చూసింది, నన్ను చూసింది, మళ్ళీ పేజీని చూసింది. నోరు తెరవలేదు. వెనక కుర్చీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. "ఏప్రిల్ దాకా చదువుడు రాకపోతే మళ్ళ మూడుల కూసోవెడతం మేడం" అన్నాడు సారు, ఏదో కూరగాయల ధర చెప్పినంత మామూలుగా. ఆటోలో దారంతా అది ఏడుస్తూనే ఉంది. "నా కన్న చిన్న పిల్లలతోని కూసోవాల్నా అమ్మా?" అంది.

ఆ రోజు నుంచి నేను ఫోను మీద పడ్డాను. తల్లుల గ్రూపుల్లో చేరాను. ఫ్రీ వర్కుషీట్లు, ఫ్రీ కథలు, ఫ్రీ వీడియోలు, ఏడు రోజులు ఫ్రీ అని ఎనిమిదో రోజు తాళం వేసుకునే యాపులు. ఎవరు ఏ లింకు పెడితే అది దించుకున్నాను. ఫోను నిండిపోయి పెళ్ళి ఫోటోలు తీసేయాల్సి వచ్చింది. ప్రింట్లు తీయించి మూడు లావు ఫైళ్ళలో కుట్టాను. ఒకదాంట్లో ముక్కుకు క్యారెటు పెట్టుకున్న మంచు బొమ్మ. సహస్ర దాన్ని తిప్పి తిప్పి చూసి "అమ్మా, గిది ఇడ్లీనా?" అంది. ఇంకొక కథలో సముద్రపు ఒడ్డు, దీపస్తంభం, దాని కాపలాదారు. మా పిల్ల గోదావరి తప్ప వేరే నీళ్ళు చూసి ఎరగదు. దానికి దీపస్తంభం అంటే ఏమిటో అరగంట చెప్పి, చివరికి నేనే చిరాకెత్తి అరిచి, అది ఏడ్చి, ఆ పూట చదువు అట్లా ముగిసింది.

ఓదెలు మామ ఇదంతా పేపరు చాటు నుంచి చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు ఫైలు తీసి బరువు చూశాడు, చేత్తో.

"గివన్ని ఎవలు రాసిండ్లు బిడ్డా?"

"నెట్ల దొరుకుతయి మామా. ఫ్రీ."

"సర్కారు బోరింగు నీళ్ళు గూడ ఫ్రీనే. గందుకని బిందె నిండినంక గూడ కొడుతనే ఉంటమా?" అన్నాడు. తర్వాత కళ్ళద్దాలు పైకి తోసుకుని, "నువ్వు చదివినవా గివి?" అన్నాడు.

చదవలేదు. దించడానికే టైము సరిపోయేది, ఇంక చదవడం ఎక్కడ? ఆ మాట ఒప్పుకునే తీరిక కూడా లేదు నాకు. "మీకేం ఎరుక మామా, గిప్పటి చదువులు" అన్నాను. ఆయన విన్నట్టే లేడు. సహస్ర బ్యాగులోంచి బడి డైరీ తీశాడు. జీవితమంతా రిజిస్టర్లు తిప్పిన చెయ్యి అది, ఊరుకోదు. జూలై పేజీ దగ్గర ఆగాడు. 'చదవడంలో వెనకబడి ఉంది, ఇంటి వద్ద చదివించగలరు' అని క్లాసు టీచరు రాసింది. ఆగస్టులో అదే. సెప్టెంబరులో అదే, ఈసారి కింద గీత కూడా గీసింది. ప్రతిదాని కిందా ఒక సంతకం.

"గీ సంతకం ఎవలది?"

"నాదే."

"చదివి పెట్టినవా?"

పొద్దున ఎనిమిదింటికి ఆటో హారను కొడుతుంటే, ఒక చేత్తో జడ వేస్తూ ఒక చేత్తో సంతకం పెట్టే ఆడదాన్ని పట్టుకుని ఈ ముసలాయన చదివి పెట్టినవా అంటాడా! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మా ఇంటి ముచ్చట్లు మీకెందుకు మామా? పేపరు చదువుకోవడానికొస్తే పేపరు చదువుకొని పోండ్లి" అనేశాను. ఆయన డైరీ మూసి, బ్యాగులో పెట్టి, జిప్పు వేసి వెళ్ళిపోయాడు. రెండు రోజులు రాలేదు. ఆ రెండు రోజులూ పేపరు మడత విప్పకుండా గుమ్మం దగ్గరే పడి ఉంది. నా కోపం నిజానికి ఆయన మీద కాదని మొదటి రోజు సాయంత్రానికే తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి ఇంకో రోజు పట్టింది.

మూడోరోజు చాయ తీసుకుని నేనే వెళ్ళాను, చిక్కగా కాచి. ఆయన గ్లాసు అందుకుని పక్కన పెట్టాడు.

"నేను ఓవర్‌మన్ అయిన కొత్తల బిడ్డా" అని మొదలుపెట్టాడు. "బాయిల ఒక పద్ధతుంటది. షిఫ్టు ఒడిసినోడు రిపోర్టు రాస్తడు. డ్యూటీ ఎక్కెటోడు చదివి సంతకం పెడతడు. గప్పుడే మనుషులను దింపుడు. గా దినం నాకు ఆలిశమైంది. జల్ది జల్ది సంతకం గొట్టి దిగిన. నాలుగో గ్యాలరీల పైకప్పు పలిగింది, మనుషులను పంపద్దు అని రాసిపెట్టే ఉన్నది రిపోర్టుల. నేను పంపిన. రాజేశం కాలు పోయింది."



"రాజేశం ఇప్పటికి గూడ అంగట్ల కలుస్తడు. నమస్తే సాబ్ అంటడు. తిట్టినా బాగుండు" అన్నాడు. చల్లారిన చాయ ఒక్క గుక్కలో తాగేశాడు.

మరుసటి రోజు ఒక పొడుగాటి రిజిస్టరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. సహస్రను పిలిచి ముందు కూర్చోబెట్టుకున్నాడు. ఆ వారం శ్రీనివాస్‌ది సెకండ్ షిఫ్టు. అది బడికి పోయేటప్పుడు బాపు నిద్రలో ఉంటాడు, అది వచ్చేసరికి బాయికి పోయి ఉంటాడు, ఆయన తిరిగొచ్చేసరికి ఇది నిద్రలో. కాలనీలో సగం ఇళ్ళల్లో తండ్రీపిల్లలు ఇట్లానే గోడగడియారం ముళ్ళలా ఒకరినొకరు దాటిపోతుంటారు. "మీ బాపు డ్యూటీకి పోయినంక ఇంట్ల ఏమేం అయినయో ఆయనకెట్ల ఎరుక? నువ్వే రాయాలె. నువ్వు గీ ఇంటి ఓవర్‌మన్‌వు" అన్నాడు. దాని మొదటి రిపోర్టు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. "అమ్మ పప్పు మాడవెట్టింది. నల్లల నీళ్ళు రాలే. తాత చాయ తాగిండు." రాయడానికి గంట పట్టింది. సగం అక్షరాలు ఆయన్ను అడిగి రాసింది, సగం దాని ఇష్టమొచ్చినట్టు రాసింది.

మర్నాడు బడి నుంచి రాగానే చెప్పులు కూడా విడవకుండా రిజిస్టరు తెరిచింది. కింద శ్రీనివాస్ రాసిపెట్టి పోయాడు: "చదివిన. మాడిన పప్పు గూడ మంచిగనే ఉన్నది. నల్ల సంగతి చెప్త. నీ ఎర్ర రిబ్బను దొరికిందా? బాపు." నాలుగు వాక్యాలు. గడప మీద కూర్చుని వేలు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటోంది. నా వల్ల కాలేదు, చదివి పెడదామని ముందుకు వంగాను. ఓదెలు మామ పక్క గడప నుంచే చెయ్యెత్తాడు, ఆగు అని. ఆగాను. ఆగడం ఎంత కష్టమో పిల్లలున్న వాళ్ళకే తెలుసు. అరగంటకు అది 'రిబ్బను' దగ్గరికొచ్చి, "బాపుకు నా రిబ్బను ఎరుకేనా!" అని ఎగిరింది. నేను లోపలికి పోయి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

అక్కడితో బుద్ధిగా ఉంటే నేను నేనెట్లా అవుతాను? వారం తిరగకముందే ఎర్ర పెన్ను తీసి దాని రిపోర్టులో తప్పులన్నీ దిద్దాను. రెండు రోజులు అది రిజిస్టరు ముట్టలేదు. ఓదెలు మామకు నిజంగానే కోపమొచ్చింది. "రిపోర్టుల ఎర్రపెన్ను పెడితే ఎవడు నిజం రాస్తడే? నీకు చదువమని ఇచ్చింది, దిద్దుమని కాదు!" అని కేకలేశాడు. కాలనీ అంతా విన్నది. సరే, పెన్ను దాచేశాను. అయినా నా పురుగు చావలేదు. ఒక పేజీ ఫోటో తీసి, గీతలు గీసి, పువ్వులు పెట్టి, 'ఇంటి రిపోర్టు, ఖాళీలు పూరించండి' అని తల్లుల గ్రూపులో పెట్టాను, ఫ్రీగా. పొగడ్తలే పొగడ్తలు. గర్వంగా మామకు చూపించాను. ఆయన ఫోను దూరంగా పట్టుకుని చూసి, నెత్తి కొట్టుకున్నాడు. "పొయ్యిల మంటను గూడ కాయితం మీద అచ్చుగుద్ది పంచుతవు నువ్వు" అన్నాడు.

ఆ ఫ్రీ కాగితాలు చెడ్డవని ఆయన ఎప్పుడూ అనలేదు, అది కూడా చెప్పాలి. మూడు ఫైళ్ళూ తెచ్చి నా ముందు పడేశాడు. "ముందు నువ్వు చదువు. నీకు నవ్వొచ్చిందో, ఏడుపొచ్చిందో, గదే పిల్లకియ్యి" అన్నాడు. చదివాను. విసుక్కుంటూ, తిట్టుకుంటూ, అన్నీ చదివాను. పదకొండు మిగిలాయి. ఆ పదకొండూ సహస్ర నలిగిపోయేదాకా చదివింది.

ఏప్రిల్‌లో తెలుగు సారు మళ్ళీ పేరా చదవమన్నాడు. అది వేలు పెట్టుకునే చదివింది, మెల్లగా, రెండుచోట్ల ఆగి. చివరిదాకా చదివింది. "ఐదుల కూసోవెడుతున్నం" అన్నాడు సారు. ఆయన బడి రిజిస్టరు నా ముందుకు జరిపితే, అందులో రాసింది మళ్ళీ మళ్ళీ చదివిన తర్వాతే సంతకం పెట్టాను. ఇంటికి రాగానే సహస్ర పక్క గడపకు ఉరికింది. ఓదెలు మామ "సరే, ఇయ్యాల్టి రిపోర్టు రాసినవా మరి?" అన్నాడు. అంతే. శభాష్ అనే మాట ఆయన నోట్లోంచి ఊడిపడదు కదా.

తర్వాతి వానకాలంలో ఆయనకు దమ్ము, అదే ఆయాసం, ఎక్కువైంది. బొగ్గుపొడి మింగిన ఛాతీ అది. పెద్ద దవాఖానకు తీసుకుపోవడానికి ఆటో వచ్చి ఆగింది, కొడుకు తొందరపెడుతున్నాడు. సహస్ర రిజిస్టరు పట్టుకుని గడప దగ్గర నిలబడింది, రోజూ ఆయన కూడా చదివి సంతకం పెట్టేవాడు గనుక. "ఆగురా" అన్నాడు కొడుకుతో. కళ్ళద్దాలు పెట్టుకుని, ఎగశ్వాస తీసుకుంటూ, పేజీ మొత్తం చదివాడు. సంతకం పెట్టి ఆటో ఎక్కాడు. తిరిగి రాలేదు.

సహస్ర ఇప్పుడు ఆరో తరగతి. ఇది నాలుగో రిజిస్టరు. జిరాక్సు షాపు నుంచి వచ్చిన సాయంత్రం అది రిపోర్టు తెచ్చి నా ఒళ్ళో పడేసి ఆడుకోవడానికి పోయింది. పొయ్యి మీద పాలున్నాయి, పెన్ను చేతిలో ఉంది, సంతకం గీకబోయాను. ఆగి చదివాను. "అమ్మ లక్సెట్టిపేట నుంచి కోపంగ వచ్చింది. ఎవలో ప్రింట్లు తీయించిండ్లని తిట్టింది. తిట్టుకుంటనే ఫోన్ల మల్ల ఆరు కథలు దించింది. ఒక్కటి గూడ చదువలే. ఓదెలు తాత ఉంటె ఏమంటుండెనో అమ్మకు ఎరుకే."

పాలు పొంగిపోయాయి. పోనీ అనుకున్నాను. మళ్ళీ మొదటి అక్షరం నుంచి చదివి, అప్పుడు సంతకం పెట్టాను.